కొత్త బిళ్ళ

ఈమధ్య ఒక ఫార్మసీ కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. రిటైరైన మనిషిని కదా, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెప్పాను. చివర్లో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, పేషెంట్లు మందులు సరిగ్గా వాడకపోవడానికి ముఖ్య కారణం ఏమిటి?" అని అడిగింది. మరిచిపోవడం, ఖర్చు, భయం అంటూ ఆ అమ్మాయి పుస్తకంలో ఉన్నవే ఆ అమ్మాయికి తిరిగి అప్పజెప్పి కూర్చున్నాను. నా మనసులో మెదిలింది మాత్రం వేరే సంగతి. అది చెప్పబోతే ఏడుపు వచ్చేలా ఉంది. మైకు ముందు ఏడవడం నాకు చచ్చేంత సిగ్గు. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను. ఆ అమ్మాయి ఎక్కడైనా చదివితే ఇదే నా జవాబు అనుకోమనండి.

మాది కురుపాం దగ్గర. నాన్న మిషన్ బడిలో మాస్టారు. ఆయన ఉన్నన్నాళ్లూ నాకు సంబంధాలు చూశారు, ఒక్కటీ కుదరలేదు. ఆయన పోయాక చూసేవాళ్లే లేరు. డిప్లొమా చేతిలో ఉంది, సర్టిఫికెట్ ఉన్న ఫార్మసిస్టు కావాలని అరకులో ఒక మందుల షాపు షావుకారు కబురు పంపాడు, కొండెక్కేశాను. తొంభైల్లో మాట. సంతకు పోయే దారిలో షాపు, షాపు వెనక రేకుల గది, అదే నా కాపురం. షావుకారు కింద మైదానంలో ఉండేవాడు. ఎప్పుడో ఒకసారి ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చి, దుమ్ము ఎందుకు పట్టిందని తిట్టి దిగిపోయేవాడు.

ఒంటరిగా ఉండటం నాకు అలవాటేనని అందరితో అనేదాన్ని. వట్టి అబద్ధం. పొద్దున్న కిరండూల్ రైలు కూత వేసే లోపు షాపు తెరిచేదాన్ని, సాయంత్రం అది తిరిగొచ్చే వేళకు షాపులో దీపం వేసేదాన్ని. ఈ రెండింటి మధ్య నాతో మాట్లాడేవాళ్లు చీటీ చూపించి "ఇదివ్వమ్మా" అనేవాళ్లే. ఆదివారం చర్చి అయ్యాక అందరూ గుంపులుగా ఇళ్లకు పోతుంటే, నా గది తాళం తీయడానికి చెయ్యి వచ్చేది కాదు. నా పేరేమిటో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. కొండల మీదివాళ్లకు నేను బిళ్ళలమ్మని. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత ఎవరైనా "ఏమండీ" అంటే వేరేవాళ్లను పిలిచారనుకుని పలికేదాన్ని కాదు.

అలాంటి రోజుల్లో వచ్చిందా గుంట. మా వైపు ఆడపిల్లను అలాగే పిలుస్తాం. పై కొండ మీది ఊరికి కోడలు. చిన్నప్పటి నుంచి మూర్ఛ. పొయ్యి దగ్గర పడి చేతి మీద కాలిన మచ్చలు, గడ్డం కింద ఒక కుట్టు. ప్రభుత్వాసుపత్రి డాక్టరుగారు మందు రాశారు. నేనిచ్చాను. అందరికీ ఇచ్చినట్టు ఒకేసారి ఇవ్వకుండా, ఒక సంత నుంచి ఇంకో సంతకు సరిపడా మాత్రమే ఇచ్చాను. మింగుతోందో లేదో కనిపెట్టడానికి అలా చేశానని డాక్టరుగారితో అన్నాను. నిజమే గానీ, అసలు ఎవరో ఒకరు ప్రతి శుక్రవారం నా గడప తొక్కుతారన్న ఆశ కూడా అందులో ఉంది.

వచ్చేది. సంతలో చిలగడదుంపలో, విస్తళ్లు కుట్టే అడ్డాకులో అమ్ముకుని, నా షాపు మెట్టు మీద కూర్చుని, ఖాళీ బిళ్ళల రేకు పైకెత్తి చూపించేది.

"మింగినాను" అనేది.

"మంచిదే గుంటా" అనేదాన్ని.

ఇవే మాటలు, ప్రతి శుక్రవారం. తర్వాత బోలెడు కబుర్లు. వాళ్ల కోడి ఎక్కడ గుడ్లు పెట్టిందో, అత్త ఎందుకు అలిగిందో, అన్నీ. నాకు మొగుడెందుకు లేడని అడిగితే "సైజు దొరకలేదు" అన్నాను. పడీ పడీ నవ్వింది. మూర్ఛ రావడం ఆగి చాలా కాలమైంది, ఆమెకు కొడుకు పుట్టాడు. వాణ్ణి గుడ్డలో వీపుకు కట్టుకుని వచ్చినప్పుడు నాకు కలిగిన గర్వం వాళ్ల అత్తకైనా కలిగి ఉండదు.

ఆ ఏడాది మామిడి పూత రాలి పిందె పడుతున్న రోజుల్లో, ఆమె వాడే తెల్ల బిళ్ళ రావడం ఆగిపోయింది. అదే మందు ఇంకో కంపెనీది వచ్చింది, గులాబీ రంగులో. మందు అదే, మోతాదు అదే. డాక్టరుగారికి చూపించి సరే అనిపించుకున్నాను. రంగు చూసి జడుసుకుంటుందేమోనని, షాపు నిండా జనం ఉన్నా, ఆమెను పక్కకు పిలిచి మరీ చెప్పాను.

"ఇదిగో, పాత మందు అయిపోయింది. ఇది కొత్త మందు. ఇకనుంచి కొత్తదే. తెలిసిందా?"

"కొత్తా?" అంది.

"ఆఁ, కొత్తదే."

బిళ్ళల వంక, నా వంక మార్చి మార్చి చూసింది. రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, కొంగున కట్టుకుని వెళ్లింది. చూశారా, ఎంత శ్రద్ధగా చెబితే అంత శ్రద్ధగా వింటారు అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మరుసటి శుక్రవారం రాలేదు. ఆ పై శుక్రవారమూ లేదు. మొదట కోపం వచ్చింది. పని తీరిపోయాక బిళ్ళలమ్మ ఎందుకు గుర్తుంటుందిలే అని సణుక్కున్నాను. ఆ తర్వాత మెట్టు మీద ఎవరు కూర్చున్నా తల ఎత్తి చూడటం మొదలుపెట్టాను. సంత ముగిసి, అందరూ తట్టలు నెత్తికెత్తుకుని కొండదారి పట్టి పోతుంటే, షాపు తలుపు దగ్గర నిలబడి అందులో ఆమె చీర కోసం వెతికేదాన్ని. చెప్పుకోవడానికి మనిషి లేని బెంగ ఎంత చెడ్డదో అప్పుడు తెలిసింది.

కబురు నర్సమ్మ తెచ్చింది. ఆవిడ పార్వతీపురం వైపు మనిషి, ఆ కొండల మీది ఊళ్లన్నీ కాళ్లతో కొలిచిన ఏఎన్ఎం. నోరు నాకంటే పెద్దది. అందుకే మా ఇద్దరికీ పడేది.

"అక్కా, నీ గుంటకి మళ్లీ వచ్చీసింది" అంది, సంచి కింద పడేసి. "పొయ్యి కాడే పడిపోనాది. సంటోడు ఒళ్లోనే ఉన్నాడట. ఏటో ఆడి అదృష్టం, అవతలికి దొర్లీసినాడు. ఆ అత్త పిల్లోణ్ణి లాక్కుని ముట్టుకోనివ్వట్లేదు. పాలకి కూడా అదే ఎత్తుకొచ్చి, పక్కనే కూసుని, మళ్లీ ఎత్తుకుపోతంది. దీన్ని కన్నోరింటికి తోలీయాలని అంటన్నారు."

"మందు?"

"మింగట్లేదు కామాల. నాకాడ సెప్పదు. నువ్వు రా."

షావుకారుకు ఫోన్ చేసి షాపు మూస్తున్నానని చెప్పాను. సంత రోజున మూస్తావా అని అరిచాడు. అవును, మూస్తాను అని పెట్టేశాను. అంతవరకూ ఆయనతో అలా మాట్లాడింది లేదు.

నర్సమ్మ వెంట, దారి పొడవునా గుంటను ఏమని తిట్టాలో కూర్చుకుంటూ నడిచాను. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు మునుపటికన్నా విరుచుకుపడుతుందని, అలా ప్రాణాలు పోయినవాళ్లున్నారని ఆమెకు ఎన్నిసార్లు చెప్పలేదూ! కాఫీ తోటలు దాటి ఊళ్లోకి అడుగుపెట్టేసరికి, ఇంటి బయట అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. చేతి మీద కొత్తగా కాలిన గాయం, ఆకు పసరు పట్టించి ఉంది. నన్ను చూడగానే మొహం వెలిగింది. నాకది చూసి ఇంకా మండింది.

"ఎందుకు మింగలేదే? చావాలనుందా నీకు? బిళ్ళలేవీ?"

లోపలికి వేలు చూపించింది. ఇంటి దూలానికి, విత్తనాల మూటల పక్కన, అడ్డాకు పొట్లం ఒకటి వేలాడుతోంది. విప్పితే నా గులాబీ బిళ్ళలు, ఒక్కటి కూడా చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"కొత్త కాదేటమ్మా?" అంది మెల్లగా. "కొత్త సేసుకోకుండా ఎలగ తింటాను?"

నర్సమ్మ నుదురు కొట్టుకుంది. నాకు అర్థం కావడానికి ఇంకాస్త సేపు పట్టింది.

ఆ కొండల మీద కొత్త అంటే మనం అనుకునే కొత్త కాదు. మామిడి కాయ కాసినా, చిక్కుడు వచ్చినా, కొర్రలు పండినా, ముందు దానికి 'కొత్త' చేయాలి. రోజు చూసి చెప్పేది దిసారి, అంటే ఆ ఊరి జోస్యుడు. ఆ రోజున ఊరి దేవతకూ చనిపోయిన పెద్దలకూ పెట్టి, తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని తింటారు. ఆ లోపల నోట పెట్టుకున్నారో, ఇంటికి కీడు. ఇది నాకు తెలియని సంగతేం కాదు. చిక్కుడు కొత్త అయ్యేదాకా ఆమె నాకు చిక్కుళ్లు తెచ్చేది కాదు, నేనే వేళాకోళం చేసేదాన్ని. అయినా బిళ్ళల విషయంలో నాకు తట్టలేదు. తట్టనందుకు నా తప్పేమీ లేదని ఇవాళ్టికీ అంటాను. తెలుగు మాట తెలుగులో వాడాను. ఆమె కూడా ఆ మాటను తన తెలుగులోనే విన్నది.

"దిసారిని అడిగినాం" అంది అత్త, గుమ్మంలోంచి. చంటివాడు ఆవిడ భుజం మీద ఉన్నాడు. "మామిడి కొత్తతో కలిపి దీనికీ సేసీద్దామన్నాడు. సైత్రంలో."

"చైత్రం దాకా ఇది బతకాలిగా!" అని అరిచాను.

"కొత్తని నువ్వే సెప్పినావట గదా! మేమేటి సేత్తాం?"

నర్సమ్మ నా చెవిలో గొణిగింది. "పాతదేనని సెప్పీ అక్కా. రంగేసినారని సెప్పీ."

చెప్పొచ్చు. కానీ ఆ గుంట నన్నే చూస్తోంది. నేను ఏం చెబితే అది నమ్మడం వల్లనే ఇన్నాళ్లూ మందు మింగింది, నేను చెప్పిన మాట నమ్మడం వల్లనే ఇప్పుడు మానేసింది. ఇప్పుడు మాట మారిస్తే ఇక ముందు దేన్ని నమ్ముతుంది? "దిసారిని పిలవండి" అన్నాను.

వచ్చాడు. ముసలాయన. భుజాన కంబళి, పెదవి చాటున చుట్ట. నా ఎదురుగా చతికిలబడి, ఒక బిళ్ళ అరచేతిలో వేసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ సేలో పండింది?"

"చేలో పండదు తాతా. కంపెనీలో చేస్తారు."

"కంపెనీ ఏ దిక్కు?"

"పడమర అనుకుంటాను."

"అనుకుంటే సాలదు. దిక్కు తెలక రోజెలగ సెప్తాను?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, రేకు వెనక సన్న అక్షరాలు వెలుతురుకు పెట్టి చదివాను. ఎక్కడో ఉత్తరాన తయారైంది. అంత కాలం మందులమ్మినా, ఆ వరస చదవమని నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే.

"ఉత్తరం" అన్నాను.

వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు. మడుస్తాడు, విప్పుతాడు, ఆకాశం కేసి చూస్తాడు. ఆగలేక నేనేదో అనబోతున్నాను. ఇంతలో అరుగు మీద చప్పుడైంది.

గుంట పడిపోయింది. కళ్లు పైకి తేలాయి, ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకుంటోంది. అత్త చంటివాణ్ణి ఎవరికో ఇచ్చి, ఇనుము పట్టిస్తే తగ్గుతుందని కొడవలి తెచ్చి ఆమె చేతిలో పెట్టబోయింది.

"ఓలమ్మో, ఆ కత్తి తియ్యండి ముందు!" అని నర్సమ్మ కసిరింది. ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టనివ్వకుండా, తల కింద నా సంచి పెట్టింది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. మందు నా చేతిలో ఉంది, మనిషి నా కళ్లెదుట కొట్టుకుంటోంది, అప్పుడు నోట్లో వేయడానికి లేదు. నా ఉద్యోగంలో అంత నిస్సహాయంగా ఎప్పుడూ కూర్చోలేదు. యేసయ్యా, దీన్ని తీసుకుపోకు, నాకు ఇంకెవరూ లేరు అని మనసులో అన్నాను. అన్నాక గానీ ఆ మాట నాకే వినపడలేదు.

కొట్టుకోవడం ఆగింది. ఊపిరి బరువుగా, గురకలా వస్తోంది. ముసలాయన మడిచిన వేళ్లు అలాగే ఉన్నాయి. కాసేపటికి వాటిని విప్పేసి, లేచి కంబళి దులుపుకున్నాడు.

"ఈ రోజే మంచి రోజు" అన్నాడు. "బేగి కానీండి."

"ఇందాక సైత్రమన్నావు గదా?" అంది అత్త.

"అప్పుడు దిక్కు తెలీదు గదేటి" అన్నాడాయన, నా వైపు చూడకుండా.

ఆమెకు పూర్తిగా తెలివి వచ్చి, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పేదాకా మింగించకూడదని నేను పట్టుబట్టాను. ఆ లోపల ఇల్లలికారు, అడ్డాకులు పరిచారు. గుప్పెడు బియ్యం మీద నా గులాబీ బిళ్ళ పెట్టారు. దిసారి చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే పిలిచాడు. మా పాస్టరుగారు చూస్తే ఏమంటారోనని ఒక పక్క బెదురు. కళ్లు మూసుకుని, నా ప్రార్థన నేను చేసుకున్నాను.

ఇంటివాళ్లంతా వరసగా కూర్చున్నారు. నేను నర్సమ్మ పక్కన, గోడకు ఆనుకుని నిలబడ్డాను. దిసారి తల తిప్పి, "తెచ్చినోలు ముందు తినాల" అన్నాడు.

"తాతా, జబ్బు లేనివాళ్లు ఈ బిళ్ళ మింగకూడదు. నాకది తప్పు."

ఆలోచించాడు. "అయితే దానికి నీ సేత్తో పెట్టు. నువ్వు అంబలి తాగు. వరసలో కూసుని తాగాల. కొత్త ఒక్కలూ తినీది కాదు, పక్కన మనుసులుండాల."

అత్త కొంచెం జరిగి చోటిచ్చింది. ఆవిడకూ గుంటకూ మధ్య కూర్చున్నాను. బిళ్ళ గుంట నోట్లో పెట్టి, నీళ్లు తాగించాను. తర్వాత నాకు ఆకుదొప్పలో చోడి అంబలి పోశారు, రాగిపిండితో కాచింది. నాన్న పోయాక ఒక ఇంటివాళ్ల వరసలో కూర్చుని నేను తినడం అదే మొదటిసారి. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. పొగ కళ్లల్లో పడిందన్నాను, ఎవరూ కాదనలేదు.

గుంట మెల్లగా నా మోచేయి తాకింది.

"మింగినాను" అంది.

అత్త ఆ రోజు పిల్లవాణ్ణి ఇవ్వలేదు. తర్వాత సంతకూ గుంట ఒక్కతే వచ్చింది. దిగులుగా కూర్చుని, ఖాళీ రేకు చూపించి పోయింది. చివరికి మామిడి కొత్త అయ్యాక వచ్చిన శుక్రవారం, వీపున మూటతో దిగింది. మూటలోంచి ఒక చిన్న కాలు బయటకు వేలాడుతోంది. నేను షాపులో అందరి ముందూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. జనం నాకేదో పట్టిందనుకున్నారు.

ఆ తర్వాత నేను షాపులో కొత్త అనే మాట మానేశాను. రంగు మారితే "మందు అదే, చొక్కా మార్చుకుంది" అనేదాన్ని. నిజంగానే ఇదివరకు వాడని మందైతే, పేషెంటుతో పాటు దిసారికీ కబురు పంపేదాన్ని, రేకు మీద దిక్కు చూసి మరీ. ఆయన ఎప్పుడూ ఆ రోజే మంచిదనేవాడు. బీపీ బిళ్ళలు దూలానికి కట్టుకున్న ముసలివాళ్లు కూడా ఆ చుట్టుపక్కల బయటపడ్డారు. వాళ్లను మతిమరుపు మనుషులని నేను ఎన్నో ఏళ్లు విసుక్కున్నాను. డాక్టరుగారు ఈ సంగతంతా విని పొట్ట పట్టుకుని నవ్వారు. నర్సమ్మ బదిలీ మీద వెళ్లిపోయింది. ఆవిడ ఉత్తరాలు రాస్తానంది, నేనూ రాస్తానన్నాను. ఇద్దరం రాయలేదు.

షావుకారు షాపు అమ్మేసే నాటికి నాకూ తల నెరిసింది, నాకూ బీపీ వచ్చింది. నా చివరి సంత రోజున గుంట ఎప్పట్లాగే మెట్టు మీద కూర్చుంది. అప్పటికి ఆమెకూ గుంట అనిపించుకునే వయసు దాటిపోయింది, నేనే మార్చలేదు. ఇకనుంచి మందు ప్రభుత్వాసుపత్రిలో తీసుకోమని, మానకూడదని, అన్నీ మళ్లీ అప్పజెప్పాను. విన్నది. నా చేతిసంచిలో నా బిళ్ళల రేకు కనిపించినట్టుంది, బయటకు తీసి చూసింది. సగం వారం మింగినట్టుంది, సగం వారం మరిచినట్టుంది.

"నాకు నువ్వు సెప్తావు" అంది. "మరి నీకు ఎవులు సెప్తారమ్మా?"

"నేను ఫార్మసిస్టునే, నాకొకరు చెప్పాలా!" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. రేకు సంచిలో పెట్టి, జిప్పు లాగి, సంచి నా ఒళ్లో పెట్టింది.

ఇప్పుడు పార్వతీపురంలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఆదివారం చర్చి, తక్కిన రోజులు టీవీ. కాలేజీలో ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇదే. బిళ్ళ మింగడానికి నీళ్లు కావాలి, తర్వాత "మింగావా" అని అడిగే మనిషి కావాలి. రెండోది షాపులో దొరకదు. షాపులో ఉన్న మీరే ఆ మనిషి కావాలి.

మొన్న ఇక్కడి మందుల షాపులో నా బీపీ బిళ్ళ రేకు మారింది. "కొత్త కంపెనీ అమ్మా, మందు అదే" అన్నాడు షాపతను. ఇంటికి తెచ్చి వంటగది కిటికీలో పెట్టాను. మింగకూడదని కాదు, బుద్ధి పుట్టలేదు. కొత్త ఒక్కలూ తినేది కాదన్న మాట ఒకటే చెవిలో తిరిగింది. మర్నాడు పొద్దున్న ఒక గ్లాసులో చోడి అంబలి కాచుకుని, నేల మీద చతికిలబడి, పక్కన కాస్త చోటు వదిలి, బిళ్ళ నోట్లో వేసుకున్నాను.

"మింగినాను" అన్నాను పైకే.

ఎవరూ పలకలేదు. "మంచిదే గుంటా" అని నేనే అనుకుని, గ్లాసు కడగడానికి లేచాను.